బ్యాక్‌స్ట్రోక్‌కు "వెనుక ఈత" వద్దు, వెల్లకిల ఈత అందాం

మన గ్రూపులో ఒక అక్క పెట్టిన వార్తలో మహిళల బ్యాక్‌స్ట్రోక్‌ను, అంటే నీళ్ళ మీద వీపు ఆనించి ఈదే పోటీని, "వెనుక ఈత" అని రాశారు, దాని కింద ఒక సారు "పృష్ఠతరణం" అన్నారు. రెండూ వద్దని నా మాట. వెనుక ఈత అంటే ఒకరి వెనుక ఒకరు ఈదుతున్నారేమో అనిపిస్తుంది, పృష్ఠతరణం చదివి అర్థం చేసుకునే పిల్లలు ఇవాళ ఎంతమంది ఉన్నారు? మనకు వెల్లకిల అనే మాట ఉంది కదా. నర్సంపేట వైపు మా ఊళ్ళో ఎల్లెల్కల అంటారు, వెండి ఎండి అయినట్టే. "ఎల్లెల్కల ఈత కొట్టు" అంటే బాయిలో దిగిన ఏ పిల్లకైనా ఇంకేం చెప్పక్కర్లేదు.

పైగా ఈ పోటీ రూల్స్ చూడండి. చెయ్యి ఇట్లా వెయ్యాలి, కాలు అట్లా ఆడించాలి అని ఎక్కడా లేదు. మనిషి వీపు మీద ఉండాలి, అంతే. భుజాలు అటూ ఇటూ దొర్లొచ్చు గానీ 90 డిగ్రీల దాకా పోకూడదు. గోడ దగ్గర మలుపు తిరిగేటప్పుడు మాత్రం బోర్లా తిరగనిస్తారు, గోడను వదిలేసరికి మళ్ళీ వెల్లకిల కావాలి, చివర్లో గోడ ముట్టేది కూడా వెల్లకిలే. తప్పితే రేసు పోయినట్టే. అంటే రూల్ మొత్తం వెల్లకిల, బోర్ల అనే రెండు మాటల మధ్యే నడుస్తోంది. ఆ రెండూ మన ఇళ్ళలో పసిపిల్లల గురించి రోజూ వాడేవే.

ఇంకో అన్న చెప్పిన అభ్యంతరం మాత్రం తేలిగ్గా తీసేసేది కాదు. వెల్లకిల పడటం అంటే ఓటమి కదా, కుస్తీలో వీపు మట్టికి తగిలితే పని అయిపోయినట్టే, అలాంటి మాటను బంగారు పతకం గెలిచిన అమ్మాయికి ఎలా పెడతాం అన్నాడు. నిజమే, ఉర్దూలో చిత్ అన్నా వెల్లకిలే, మన పేపర్లలో రోజూ కనిపించే "చిత్తు" కూడా ఆ కుస్తీ మట్టిలోంచే వచ్చిందని నా నమ్మకం. కానీ అన్నా, బొక్కబోర్లా పడ్డాడన్నా ఓటమే కదా! చెడంతా పడటంలో ఉంది, వెల్లకిలలో కాదు. ఎండాకాలం డాబా మీద వెల్లకిల పడుకుని చుక్కలు చూస్తాం, అందులో ఓటమి ఎక్కడిది?

2023లో జపాన్‌లోని ఫుకుఓకాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో ఆస్ట్రేలియా అమ్మాయి కేలీ మెకియోన్ 50, 100, 200 మీటర్లు మూడూ ఈ ఈతలోనే గెలిచింది, మూడింట్లోనూ అమెరికా రీగన్ స్మిత్‌ది రెండో స్థానం. 50 మీటర్లలో మెకియోన్‌కు 27.08 సెకన్లు, స్మిత్‌కు 27.11. తేడా సెకనులో నూరో వంతులు మూడు. 2025లో సింగపూర్‌లో 100 మీటర్లను మెకియోన్ 57.16 సెకన్లలో ఈది మళ్ళీ గెలిచింది, స్మిత్ 2024లో పెట్టిన ప్రపంచ రికార్డు 57.13. అక్కడా అదే మూడు నూరో వంతులు. ఈ ఇద్దరి రేసు చూస్తుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఈ రేసు మొదలయ్యే తీరు గమనించారా? మిగతా ఈతల వాళ్ళు పైనుంచి దూకుతారు, వీళ్ళు ముందే నీళ్ళలో ఉంటారు. గోడకు పాదాలు ఆనించి, చేతులతో పిడి పట్టుకుని, పిలుపు రాగానే ఒళ్ళు దగ్గరికి ముడుచుకుని ఒక్క క్షణం కదలకుండా ఆగుతారు. బీప్ అనగానే తల వెనక్కి విసిరి, వీపు విల్లులా వంచి, చేతులు ముందు, నడుము తర్వాత, కాళ్ళు చివర నీళ్ళలోకి పోతాయి. మెడ్లీ రిలే, అంటే నలుగురు ఒకరి తర్వాత ఒకరు నాలుగు రకాల ఈతలు ఈదే పోటీ, కూడా ఈ ఈతతోనే మొదలు పెడతారు, నీళ్ళలోంచి బయల్దేరే ఈత మధ్యలో పెట్టడం కుదరదు మరి. గోడ కనపడదు కాబట్టి 5 మీటర్ల ముందు పైన తోరణంలా జెండాలు కడతారు, అవి దాటాక ఎన్ని బారలు వేస్తే గోడ వస్తుందో ఒంటికే తెలియాలి. బార అన్న మాట కూడా ఇక్కడ చక్కగా కుదురుతుంది, "స్ట్రోకులు" అని రాయక్కర్లేదు.

మా చిన్నప్పుడు ఆడపిల్లల్ని బాయిలో దిగనిచ్చే ఇళ్ళు తక్కువ. మా బాపు దిగనిచ్చాడు. నడుముకు ఎండిన సొరకాయలు కట్టుకుని ముందు నేర్చుకున్నది బోర్ల ఈతే, వెల్లకిల తర్వాతి సంగతి, అదీ భయం పోయాక. మెడ బిగబట్టి తల లేపితే నడుము దిగిపోతుంది, దాని వెంట కాళ్ళూ దిగిపోతాయి, కాబట్టి తలను నీళ్ళకు వదిలెయ్యాలి. చెవులు మునగ్గానే ఒడ్డు మీది మాటలు ఆగిపోయి మోటరు శబ్దం ఒక్కటే గుంయ్‌మని వినిపించేది. ఛాంపియన్లదీ అదే పద్ధతి, భుజాలు దొర్లుతుంటాయి, తల మాత్రం కదలదు.

*

హన్మకొండ తమ్ముడు కింద అడిగాడు: "అక్కా, అట్లయితే ఫ్రీస్టైల్‌ను బోర్ల ఈత అందామా? మా కోచింగ్ పిల్లలు బ్యాక్, ఫ్రీ అనే అంటరు."

వద్దు తమ్మీ. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై అనే ఈతలు కూడా బోర్లానే ఈదుతారు, ఒక్కదానికే ఆ పేరు ఇస్తే మిగతా రెండూ ఏమైపోవాలి? పైగా ఫ్రీస్టైల్ అంటే నచ్చినట్టు ఈదమనే, అందరూ ఒకే తీరున ఈదుతున్నారు అంతే. వాటిని ఉన్నట్టే ఉంచుదాం. పిల్లలు బ్యాక్ అంటే అననీ, కొలను దగ్గర ఆ మాటే నడుస్తుంది. నేను అడిగేది పేపర్లో, స్కూలు పుస్తకంలో రాసేటప్పటి సంగతి. "100 మీటర్ల వెల్లకిల ఈతలో మెకియోన్‌కు స్వర్ణం" అని రాస్తే ఎవరికైనా అర్థం కాకుండా పోతుందా?

మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు వాళ్ళు ఉంటే మీ దగ్గర ఎల్లెల్కలనే అంటారా, వేరే మాట ఉందా రాయండి. గోదావరి ఒడ్డు ఊళ్ళలో ఈతల పేర్లు ఇంకా ఉండే ఉంటాయి.