చచ్చిన చెట్టును క్రేన్‌తో తీసేటప్పుడు మనిషి తాడు దేనికి కట్టాలి: చెట్టుకా, హుక్కుకా?

పెరటిచెట్టు (మిషిగన్):
మా ఇంటి వెనక యాష్ చెట్టు ఎండిపోయి రెండేళ్లయింది. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగే తినేసింది. మాను నిండా ఇంగ్లిష్ డి అక్షరంలాంటి చిన్న బొక్కలు, బెరడు వేలితో లాగితే పెచ్చులుగా ఊడొస్తోంది. పక్కనే ఇల్లు, కరెంటు తీగలు. క్రేన్ తప్పదు. ఇద్దరిని పిలిస్తే చెరో మాట చెప్పారు. ఒకాయన మనిషిని హుక్కుకు కట్టి పైకి పంపుతానంటాడు. రెండో ఆయన అది తప్పు, మావాడు చెట్టెక్కి చెట్టుకే తాడేసుకుంటాడు అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

గోదావరిగట్టు:
రెండో ఆయన మాటే వినండి. క్రేన్ ఉన్నది బరువులెత్తడానికి, మనుషుల్ని ఎత్తడానికి కాదు. మా ఊళ్లో వేపచెట్టు తీస్తూ హైడ్రా క్రేన్ హుక్కు మీద కుర్రాణ్ణి నిలబెట్టి ఎత్తారు. నడుముకు తాడు కూడా లేదు. బూమ్, అంటే క్రేన్ పొడవాటి చెయ్యి, ఒక్కసారి కుదిపితే వాడు రెండు చేతులా గొలుసు పట్టుకుని వేలాడాడు. కిందికి దిగాక కూడా వాడి పిడికిళ్లు విప్పడానికి రాలేదు. అది కళ్లారా చూశాక ఎవరేం చెప్పినా ఒప్పుకోను.

తాడుమనిషి:
అన్నా, మీరు చూసింది ఘోరమే, కాదనను. కానీ అక్కడ తాడూ లేదు, నడుముకూ తొడలకూ కట్టుకునే బెల్టుల జీనూ లేదు. అమెరికాలో పనివాళ్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా క్రేన్ నియమం కూడా హుక్కు మీద మనిషిని ఎత్తొద్దనే అంటుంది. అయితే చెట్ల పనికోసమే రాసిన అమెరికా భద్రతా ప్రమాణం యాన్సీ జెడ్133 షరతులతో ఒప్పుకుంటుంది. కారణం ఇదే: పుచ్చిన మాను ఎక్కేవాడి బరువుకే విరగొచ్చు. మీరు నమ్మమంటున్నది ఆ మానునే.

నేను చూసేది ఒక్కటే. కోత పెట్టేటప్పుడు మనిషి దేనికి కట్టుకుని ఉన్నాడు? పైకి వెళ్లి, కోయబోయే ముక్కకు క్రేన్ బెల్టు చుట్టాక, కోత పెట్టే చోటు కిందికి దిగి, మిగిలిన మానుకు కట్టుకుని, క్రేన్ నుంచి తాడు విప్పుకోవాలి. ఆ తర్వాతే ఆపరేటర్ బరువు పట్టాలి. 60 సెంటీమీటర్ల లావు, 4 మీటర్ల పొడవున్న పచ్చి ఓక్ ముక్క టన్ను దాటుతుంది. ఎండు యాష్ అంత తూగదు, కానీ తెగగానే అది ఊగితే అదే హుక్కుకు వేలాడే మనిషి గతేంటి?

గోదావరిగట్టు:
సరే తమ్ముడూ, ఒప్పుకున్నా. మరి ఆ మిగిలిన మానూ పుచ్చే కదా? దానికి కట్టుకుంటే ఏం లాభం?

తాడుమనిషి:
అక్కడే నా దగ్గరా జవాబు లేదు. కింది మాను కూడా పనికిరాకపోతే మనిషిని పంపనే కూడదు. బూమ్ చివర పంజా, దానికే రంపం ఉండే బండ్లున్నాయి. కొమ్మను పట్టుకుని అదే కోస్తుంది, ఆపరేటర్ దూరంగా ఉంటాడు. బండి పెట్టడానికి గట్టి నేల, పైన తీగలకు ఎడం చూసుకోవాలి.

పెరటిచెట్టు:
ఇద్దరికీ థాంక్స్. ఇవాళ సుత్తితో మొదలు చుట్టూ తట్టి చూశాను. ఇంటివైపు డొల్ల చప్పుడే వచ్చింది. ఇద్దరికీ వద్దని చెప్పేశాను. పంజా రంపం ఉన్నవాళ్ల కోసం వెతుకుతున్నా. అప్పటిదాకా పిల్లల్ని పెరట్లోకి వెళ్లనివ్వడం లేదు.