రొయ్యలు ఒలిచే కూలి: కిలో లెక్కన న్యాయమైన రేటు కట్టేదెలా?

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో కూలి లెక్కలు తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

ఒలిచే ఆడవాళ్లకు కిలోకి ఇంతని కట్టే చోట మెలిక కౌంట్‌లో ఉంది. 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే 100. తల తుంచడం, డొల్ల తీయడం, వీపు మీద నల్ల నరం లాగడం ఏ సైజుకైనా తప్పవు. రేటు ఒకటే అయితే చిన్న రొయ్యకు చేతిపని మూడింతలు దాటుతుంది. తూకం ఒలిచాక వేస్తే మరీ అన్యాయం, తలా డొల్లా పోగా మిగిలిందే లెక్క. ఐసు నీళ్లలో వేళ్లు నానడం సరేసరి.

చెరువు నుంచి సరుకు రాకపోతే ఖాళీగా కూర్చున్న గంటలకు పైసా రాదు. నష్టభయం పెట్టుబడిదారుడిది కాబట్టి లాభమూ అతనిదే అన్న వాదన నాకు ఇక్కడే మింగుడుపడదు. 2025 ఆగస్టులో రొయ్యలతో సహా మన ఎగుమతుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అలాంటప్పుడు పని తగ్గితే ముందు ఆగేది కిలో లెక్క కూలే కదా!

2019 వేతనాల కోడ్ (కేంద్ర చట్టం) ప్రకారం పీసు రేటుకు, అంటే ఇలా చేసిన పని కొలతను బట్టి ఇచ్చే కూలికి, విడిగా కనీసం నిర్ణయించకపోతే, ఆ కూలి సమయం లెక్కన వచ్చే కనీస వేతనానికి తగ్గకూడదు. మరి మేస్త్రీ పుస్తకంలో కిలోలే ఉండి గంటలు లేకపోతే నిరూపించేదెలా? తూకం చీటీలు, కూలీల వ్యాను వచ్చిపోయే వేళలు కార్మిక శాఖవాళ్లు సాక్ష్యంగా తీసుకుంటారా? కౌంట్‌ను బట్టి రేటు మార్చే ప్లాంటు ఉంటే, ఏ కౌంట్‌కు ఎంతిస్తున్నారో చెప్పండి.