ఇరవయ్యో శతాబ్దపు అమెరికా తీర్పులు, పత్రాలు: పిల్లలతో మూలపాఠం చదివినవారి అనుభవాలు

కృష్ణవేణి (డల్లాస్):
మా ఊరి గ్రంథాలయంలో హైస్కూలు చదువుతున్న తెలుగు పిల్లలతో శనివారం పూట ఒక పఠన బృందం నడుపుతున్నాము. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాను మలుపు తిప్పిన పత్రాలను, కోర్టు తీర్పులను పాఠ్యపుస్తకంలోని సారాంశంగా కాకుండా మూలంలోనే చదివించాలని ఈ ఏడాది సంకల్పించాము. అమెరికా ప్రభుత్వ దస్తావేజులను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ వారు ఎంపిక చేసిన నూరు మైలురాయి పత్రాల జాబితాతో మొదలుపెట్టాము. 1942 నాటి 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వు, ప్రభుత్వ బడులలో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు, 1964 నాటి పౌరహక్కుల చట్టం, 1965 నాటి ఓటుహక్కు చట్టం అందులో ఉన్నాయి. మనవారికి ఒకప్పుడు పౌరసత్వాన్ని నిరాకరించిన భగత్ సింగ్ థింద్ తీర్పు గాని, మన కుటుంబాలలో చాలావాటికి ఇక్కడికి దారి తెరిచిన 1965 వలస చట్టం గాని లేవు. ఆ రెండింటినీ మేమే చేర్చుకోదలిచాము. వీటిని పిల్లలతోనో విద్యార్థులతోనో చదివినవారు ఏది ముందు చదివించారో, పిల్లలు ఎక్కడ ఆగి ప్రశ్నలు వేశారో చెప్పగలరా?

చరిత్ర మాస్టారు (న్యూజెర్సీ):
కృష్ణవేణి గారూ, థింద్ తీర్పును ఒంటరిగా చదివించవద్దని నా మొదటి విన్నపం. దానికి మూడు నెలల ముందు, 1922 నవంబరులో వెలువడిన ఒజావా తీర్పును పక్కన పెట్టుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. రెండూ రాసినది ఒకే సుప్రీంకోర్టు న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. ఇంగ్లండులో పుట్టి చిన్నతనంలోనే వలస వచ్చినవారాయన. అప్పటి పౌరసత్వ చట్టం ‘స్వేచ్ఛగల శ్వేతజాతీయుల’కు, 1870 తరువాత ఆఫ్రికా మూలాలున్నవారికి మాత్రమే పౌరసత్వం ఇవ్వవచ్చని చెప్పేది. జపానులో పుట్టి, అమెరికాలో చదువుకొని, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుకునే తకావో ఒజావాతో, శ్వేతజాతి అంటే కాకేసియన్ జాతి అని, మీరు ఆ జాతివారు కారు గనుక అర్హులు కారని కోర్టు చెప్పింది. అప్పటి మానవశాస్త్రవేత్తలు ఉత్తర భారతీయులను కాకేసియన్ల కిందే లెక్కకట్టేవారు. అందువల్ల పంజాబీ సిక్కు అయిన థింద్ తాను ఆ నిర్వచనం ప్రకారమే అర్హుడినని వాదించారు. 1923 ఫిబ్రవరి 19న ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పులో, శాస్త్రవేత్తల వర్గీకరణతో పని లేదని, సామాన్య మానవుడు శ్వేతజాతీయుడని ఎవరిని అనుకుంటాడో అదే కొలమానమని తేల్చారు.

నేను తరగతిలో రెండు తీర్పులనూ రెండు జట్లకు ఇచ్చి, ఎదుటి జట్టుకు పేర్లు చెప్పకుండా తమ కోర్టు ఏ కారణం చూపిందో మాత్రమే చెప్పమంటాను. ఒక జట్టు శాస్త్రం అంటుంది, రెండవది శాస్త్రం కాదంటుంది. రాసినవారు ఒక్కరేనని తెలిసినప్పుడు తరగతిలో మొదలయ్యే చర్చను నేను ఆపవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. థింద్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో తలపాగాతోనే పనిచేసి, గౌరవప్రదంగా విడుదలైన మనిషి అన్న విషయాన్ని మాత్రం చర్చ అయిన తరువాతే చెబుతాను. ముందే చెబితే పిల్లలు జాలి మీద నిలబడిపోయి, తర్కాన్ని చూడరు.

సుదర్శన్ (శాన్‌హొసే):
మాస్టారు గారు చెప్పిన పద్ధతి బాగున్నది. దానికి ఒక పత్రాన్ని చేర్చమంటాను. తీర్పును మాత్రమే చదివితే థింద్ బాధితుడిగానే కనిపిస్తారు. ఆయన తరఫున కోర్టుకు సమర్పించిన లిఖిత వాదనను కూడా చదవాలి. అగ్రకులాలకు చెందిన హిందువు, పెళ్లి సంబంధాల విషయంలో, తన దేశంలోని ఆదివాసిని, అమెరికావాడు నీగ్రోను చూసినట్లే చూస్తాడని, కాబట్టి అతడిని శ్వేతజాతీయుడిగా గుర్తించాలని ఆ వాదన సాగుతుంది. అంటే జాతివివక్షతో కూడిన చట్టాన్ని తప్పు పట్టక, మన కులవివక్షనే యోగ్యతాపత్రంగా చూపించారు. జాతిని బట్టి పౌరసత్వం ఇవ్వడం రాజ్యాంగ సమ్మతమా అన్న ప్రశ్న ఆ కేసులో ఎవరూ లేవదీయలేదు. కంచె ఉండకూడదని కాదు, తాము కంచెకు లోపలివారమని మాత్రమే వాదించారు.

మా బృందంలో ఈ పేరా చదివిన రోజున ఒక అమ్మాయి చాలా సూటిగా అడిగింది: ‘కోర్టు ఒప్పుకొని ఉంటే మన ఇళ్లలో అందరూ లోపలికి వచ్చేవారా, కొందరే వచ్చేవారా?’ పెద్దవాళ్లలో కొందరికి ఆ ప్రశ్న రుచించలేదు. పిల్లల ముందు మన పరువు తీసుకోవడం దేనికన్నారు. నేను ఒప్పుకోను. తెలుగు ఇళ్లలో కులం గురించి నోరు విప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

ఆ తీర్పు తరువాత అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలైంది. 1915లో భార్య కళా, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన వైష్ణో దాస్ బగాయ్ 1921లో పౌరుడయ్యారు. తీర్పు తరువాత అది పోయింది. పౌరసత్వానికి అనర్హులైనవారికి భూమి ఉండరాదన్న కాలిఫోర్నియా భూచట్టం వల్ల ఆస్తి పోయింది. భారతదేశానికి వెళ్లివస్తానంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1928లో ఆయన ప్రాణం తీసుకొనే ముందు రాసిన లేఖ పత్రికలో అచ్చయింది. పై తరగతుల పిల్లలకు ఆ లేఖను, తల్లిదండ్రులకు ముందుగా చెప్పి, పెద్దలు పక్కన ఉండగా చదివించవచ్చు.

థింద్ తరఫున వాదించిన సఖారామ్ గణేశ్ పండిట్ పౌరసత్వాన్ని కూడా ప్రభుత్వం రద్దు చేయబోయింది. ఆయన కోర్టులో పోరాడి గెలిచారు. ఆ గెలుపు తరువాతే ఈ రద్దుల వేగం తగ్గింది. సారాంశాలలో ఈ భాగం దాదాపుగా కనిపించదు.

భీమవరం వాసి (బోస్టన్):
తెలుగు పిల్లలకు దగ్గరి ఉదాహరణ కావాలంటే యల్లాప్రగడ సుబ్బారావు గారిని మరువవద్దు. భీమవరంలో పుట్టి, 1920వ దశకం మొదట్లో బోస్టన్‌కు వచ్చారు. అంటే ఒజావా, థింద్ తీర్పులు వచ్చిన రోజులవి. భారతీయులకు పౌరసత్వ అర్హత కల్పించి, ఏడాదికి నూరుమందికి ప్రవేశం ఇచ్చిన లూస్-సెల్లర్ చట్టంపై అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసినది 1946 జులై 2న. సుబ్బారావు గారు 1948లో, పౌరసత్వం తీసుకోకుండానే కన్నుమూశారు. ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ ఔషధాల మీద అంత పనిచేసిన శాస్త్రవేత్త తన జీవితంలో ఎక్కువ కాలం చట్టం దృష్టిలో పౌరసత్వానికి అనర్హుడిగానే ఉన్నాడంటే, పిల్లలకు ఆ తీర్పు ఎప్పటిదో పాతకథలాగా అనిపించదు.

లలిత (సియాటిల్):
9066వ ఉత్తర్వు గురించి నా అనుభవం రాస్తాను. పెరల్ హార్బర్ దాడి తరువాత రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఈ ఉత్తర్వు తేదీ 1942 ఫిబ్రవరి 19. థింద్ తీర్పు తేదీ కూడా ఫిబ్రవరి 19 కావడం కేవలం యాదృచ్ఛికమే అయినా, పిల్లలు తమంతట తామే గుర్తుపట్టారు. నేను వారి చేతికి పెన్సిళ్లు ఇచ్చి, ఉత్తర్వులో జపాను అనే మాట, జపనీయులు అనే మాట ఎక్కడున్నా కింద గీత గీయమన్నాను. ఒక్క గీత కూడా పడలేదు. ఎందుకంటే ఆ మాటే అందులో లేదు. సైనిక ప్రాంతాలను నిర్ణయించి, అక్కడి నుంచి ‘ఎవరినైనా’ తొలగించే అధికారం సైన్యాధికారులకు ఇవ్వడమే అందులో ఉన్నది. ఆ మాట మీద దాదాపు 1,20,000 మంది జపాను సంతతివారిని శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతులమంది ఈ దేశ పౌరులే. చట్టం ఎవరి పేరూ ఎత్తకుండానే ఒక సమూహాన్ని ఎలా పట్టుకోగలదో చెప్పడానికి నాకు వేరే పాఠం అవసరం పడలేదు.

ఆ తరువాత, తరలింపు ఆదేశాన్ని ధిక్కరించి శిక్షపడిన ఫ్రెడ్ కొరెమాత్సు కేసులో 1944లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివాము. ఆరుగురు ప్రభుత్వం వైపు, ముగ్గురు వ్యతిరేకం. ఇక్కడ మెజారిటీ తీర్పు కంటే న్యాయమూర్తి రాబర్ట్ జాక్సన్ రాసిన భిన్నాభిప్రాయం మీద ఎక్కువ సమయం పెట్టండి. సైనిక ఉత్తర్వు అత్యవసర కాలంతో ముగిసిపోతుంది గాని, దాన్ని కోర్టు సమర్థించిందంటే ఆ సూత్రం తూటా నింపిన తుపాకిలా మిగిలిపోతుందని, ఏ అధికారి అయినా తరువాత దాన్ని చేతపట్టవచ్చని ఆయన రాశారు. కథ అక్కడితో ఆగదు. ప్రభుత్వం తనకు ప్రతికూలమైన సాక్ష్యాలను కోర్టుకు తెలియనీయలేదని పాత దస్తావేజులలో బయటపడడంతో, 1983లో ఫెడరల్ జిల్లా కోర్టు కొరెమాత్సు శిక్షను రద్దు చేసింది. 1988 చట్టం బతికున్న బాధితులకు క్షమాపణ చెప్పి, తలా 20,000 డాలర్లు ఇచ్చింది. ఆ సాక్ష్యం బయటికి వచ్చినది ఆర్కైవ్స్‌లో కూర్చొని కాగితాలు ఓపికగా తిరగేసినవారి వల్ల. మా పిల్లలకు అన్నింటికంటే ఎక్కువ నచ్చిన భాగం అదే.

న్యాయవాది (గుంటూరు):
నేను అమెరికాలో లేను. ఇక్కడ న్యాయవిద్యార్థులకు ఉచిత న్యాయసహాయం గురించి చెప్పేటప్పుడు 1963 నాటి గిడియన్ తీర్పుతోనే మొదలుపెడతాను. ఫ్లోరిడాలో ఒక పూల్ గదిలో దొంగతనం చేశాడన్న ఆరోపణతో పట్టుబడిన క్లారెన్స్ గిడియన్, తనకు లాయరును నియమించమని అడిగితే, మరణశిక్ష పడే కేసులకు తప్ప ఆ వీలు లేదని న్యాయమూర్తి చెప్పారు. తన కేసు తానే వాదించుకొని ఓడిపోయాడు. ఐదేళ్ల శిక్ష పడింది. జైలు నుంచి, జైలు వారిచ్చిన గీతల కాగితం మీద పెన్సిలుతో సుప్రీంకోర్టుకు పిటిషన్ రాశాడు. దాని నకలు అంతర్జాలంలో దొరుకుతుంది. తప్పనిసరిగా చూపించండి. అక్షరాలను ఒద్దికగా, ఒక్కొక్కటిగా పేర్చినట్లు రాశాడు. అక్కడక్కడా వర్ణక్రమ దోషాలు ఉన్నాయి గాని, ఏం కావాలో స్పష్టంగా అడిగాడు. పేద ముద్దాయికి లాయరును ఇవ్వకపోతే న్యాయమైన విచారణ జరిగినట్లు కాదని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. లాయరుతో జరిగిన మలి విచారణలో జ్యూరీ అతడిని నిర్దోషి అన్నది.

ఇది మన దేశానికి పరాయిదేమీ కాదు. 1978 నాటి హోస్కోట్ కేసులో మన సుప్రీంకోర్టు గిడియన్ తీర్పును ప్రస్తావించింది. మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసులో ఉచిత న్యాయసహాయాన్ని రాజ్యాంగంలో జీవించే హక్కును ఇచ్చే 21వ అధికరణంలో భాగంగా చూసింది. కృష్ణవేణి గారి పిల్లలలో ఎవరైనా ఇండియాలోని బంధువులకు ఈ కథ చెప్పగలిగితే, రెండు దేశాల న్యాయచరిత్ర ఒకచోట కలుస్తుంది.

కృష్ణవేణి (డల్లాస్):
అందరికీ ధన్యవాదాలు. సుదర్శన్ గారూ, ఆ లిఖిత వాదనను తప్పక చేరుస్తాను. పెద్దలతో ముందే మాట్లాడతాను. బ్రౌన్ తీర్పు గురించి ఎవరూ రాయలేదు. అది అందరికీ తెలిసినదే అనుకొని పిల్లలు పేజీలు తిప్పేస్తారేమోనని నా భయం.

పద్మజ (రిచ్‌మండ్):
కృష్ణవేణి గారూ, మీ భయం సరైనదే. బ్రౌన్ తీర్పు చాలా చిన్నది, భాష తేలిక. మామూలు పౌరుడు చదివి అర్థం చేసుకోవాలని, ఎవరినీ నిందించే ధోరణి ఉండకూడదని ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ కోరుకొని అలా రాశారు. అందువల్లనే పిల్లలు పదిహేను నిమిషాలలో చదివి, ‘సరే, గెలిచారు’ అనేస్తారు. మేము వర్జీనియాలో ఉంటాము గనుక దాన్ని ఇక్కడి ఫార్మ్‌విల్ అనే ఊరి నుంచి మొదలుపెట్టాము. బ్రౌన్ పేరు కింద కోర్టు కలిపి విన్న కేసులలో కాన్సస్‌ది ఒకటి మాత్రమే. దక్షిణ కరోలినా, డెలావేర్, వర్జీనియా కేసులు కూడా ఉన్నాయి. వర్జీనియా కేసుకు మూలం ఫార్మ్‌విల్‌లో జరిగిన ఒక విద్యార్థుల సమ్మె. 1951 ఏప్రిల్‌లో పదహారేళ్ల బార్బరా జాన్స్ నాయకత్వాన నల్లజాతి పిల్లలు చదివే మోటన్ హైస్కూలులో విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. 180 మందికని కట్టిన బడిలో 450 మందికి పైగా చదువుతుంటే, తారు కాగితం కప్పిన తాత్కాలిక షెడ్లలో కూర్చోబెట్టేవారు. ఆ బడి ఇప్పుడు మ్యూజియం. మా పిల్లలు అక్కడి సభామందిరంలో నిలబడి, సమ్మెకు పిలుపునిచ్చినది తమ వయసు పిల్లేనని గ్రహించిన తరువాతే తీర్పు చేతికిచ్చాను.

రెండవ తీర్పును మానవద్దు. 1955 మే 31న అదే కోర్టు అమలు గురించి చెబుతూ, ఆలోచనతో కూడిన వేగంతో చేయమన్నది. గడువు పెట్టలేదు. ఆ సందును పట్టుకొని ఫార్మ్‌విల్ ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959లో తన ప్రభుత్వ బడులన్నింటినీ మూసివేసింది. శ్వేతజాతి పిల్లలకు ప్రైవేటు బడి ఏర్పడింది. నల్లజాతి పిల్లలలో చాలామందికి 1964 వరకు బడే లేదు. ఒక తీర్పులోని ఒక్క మెతక మాటకు ఐదేళ్ల చదువు బలి అయ్యింది. గెలిచిన తీర్పును మాత్రమే చదివి ఆపితే ఈ పిల్లలు చరిత్రలో కనిపించకుండా పోతారు.

పెద్దాయన (షికాగో):
నేను 1970వ దశకం మొదట్లో వచ్చిన ఇంజనీరును. మా తరంలో ‘థర్డ్ ప్రిఫరెన్స్’ అంటే అందరికీ తెలుసు. 1965 చట్టంలో వృత్తినిపుణులకు కేటాయించిన వర్గం అది. ఆంధ్ర నుంచి వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు ఎందరో ఆ తలుపు నుంచే లోపలికి వచ్చారు. ఆ చట్టంపై సంతకానికి ముందు ఏడాది పౌరహక్కుల చట్టం, సంతకానికి రెండు నెలల ముందు ఓటుహక్కు చట్టం వచ్చాయి. పుట్టిన దేశాన్ని బట్టి మనుషులకు విలువ కట్టే కోటాలు ఆ ఉద్యమాల వేడిలోనే కరిగాయి. రోడ్ల మీద దెబ్బలు తిన్నది నల్లజాతివారు. ఆ ఫలంలో మనకూ వాటా దక్కింది. ఈ మాట మన సంఘాల వేదికల మీద తగినంతగా వినిపించదు. మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

చదివించే పద్ధతి గురించి ఒక సూచన. 1965 చట్టం మూలపాఠాన్ని నేరుగా పిల్లల చేతికివ్వకండి. అది 1952 వలస చట్టానికి సవరణ గనుక, ఫలానా సెక్షనులో ఈ పదాలు తీసివేసి ఆ పదాలు చేర్చాలి అనే ధోరణిలోనే సాగుతుంది. 1952 చట్టంలోని కోటా సెక్షను ఒక కాగితం మీద, కొత్త సెక్షను మరొక కాగితం మీద పక్కపక్కన అచ్చు వేయించండి. దేశానికి 20,000, తూర్పు అర్ధగోళానికి మొత్తం 1,70,000 అన్న పరిమితులు రెండవ కాగితంలో కనిపిస్తాయి. వాటితోపాటు 1965 అక్టోబరు 3న లిబర్టీ దీవిలో సంతకం చేస్తూ అధ్యక్షుడు జాన్సన్ చేసిన ప్రసంగం ఇవ్వండి. ఇది విప్లవాత్మకమైన బిల్లు కాదని, లక్షలాదిమంది జీవితాలను ఇది తాకదని ఆయన అందులో అన్నారు. ఆ మాటను తమ ఇంట్లోని తాతయ్యలకు, అమ్మమ్మలకు చదివి వినిపించి, వారు ఏమంటారో రాసుకొని రమ్మనండి.