అప్‌డేట్: మా పీతలకు ఉప్పునీళ్లు దొరికాయి

పోయిన నెల ఇక్కడ అడిగాను కదా, మా వాడు పెంచుకునే రెండు హెర్మిట్ క్రాబ్‌లకి (ఖాళీ గుల్లల్లో దూరి బతికే పీతలు) చెన్నై బెసెంట్ నగర్ బీచ్ నీళ్లు పెట్టొచ్చా, లేక వంటింటి ఉప్పు కలిపితే సరిపోతుందా అని. రెండూ వద్దన్నారు. మానేశాను.

బీచ్ సంగతి నాకే తట్టాల్సింది. పక్కనే అడయారు నది ఊరి మురుగును తెచ్చి సముద్రంలో కలుపుతోంది. వంటింటి ఉప్పులో అయోడిన్ కలుపుతారు, గడ్డకట్టకుండా ఏవో పొడులూ వేస్తారు. సముద్రపు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం మాత్రం అందులో దాదాపు ఉండవు.

కొళత్తూరులో షాపతను ముందు 'అక్వేరియం సాల్ట్' చేతిలో పెట్టాడు. అది మంచినీటి చేపలకు వాడే ఉత్త ఉప్పు. "అది కాదండీ, మెరైన్ సాల్ట్, సముద్రపు నీళ్లు తయారుచేసుకునేది" అని రెండుసార్లు అంటే, లోపల్నుంచి దుమ్ముపట్టిన డబ్బా తెచ్చాడు.

లీటరుకి 35 గ్రాములు. మొదటిసారి చెంచాతో ఉజ్జాయింపుగా వేస్తే, నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే హైడ్రోమీటర్ 1.030 చూపించింది, ఉప్పు మరీ ఎక్కువ, పారబోశాను. ఇప్పుడు కాటాలో తూచి, క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేసిన నీళ్లలో కలిపి, రాత్రంతా ఎయిర్ పంపు పెడుతున్నా. 1.024 వస్తోంది, దాదాపు సముద్రపు నీళ్లంత. నెమ్మేలి ప్లాంటులో సముద్రాన్ని మంచినీళ్లు చేసి ఊరికి పంపుతుంటే, నేనిక్కడ కుళాయి నీళ్లని మళ్లీ సముద్రం చేస్తున్నానని మా ఆయన నవ్వు.

మంచినీళ్ల గిన్నె కూడా పక్కనే ఉంచాను, అందులోనూ క్లోరిన్ తీసిన నీళ్లే. నిన్న రాత్రి పెద్దది ఉప్పునీళ్లలోకి దిగి, గుల్లను పక్కకి వంచి, లోపలికి నీళ్లు నింపుకుని బయటికొచ్చింది. ఇసుక మీద తడి చార ఇంకా ఉంది.