స్వతంత్రుడికి ఎదురు మాట ఏది?

స్వేచ్ఛ, స్వాతంత్ర్యం, విముక్తి మూడూ ఒకటే కదా అని గ్రూపులో ఒకరు అడిగారు. కాదండీ, ఎదురు మాట పక్కన పెట్టి చూడండి తేడా తెలుస్తుంది. విముక్తికి ఎదురు బంధం, అంటే ముందు కట్టేసి ఉండాలి, ఎవరో విప్పాలి. స్వతంత్రానికి ఎదురు పరతంత్రం, ఇక్కడ కట్టు సంగతి కాదు, నడిపించేది ఎవరన్నదే లెక్క. పాణిని 'స్వతంత్రః కర్తా' అన్నాడు, పనిలో ఇంకొకరి మీద ఆధారపడనివాడే కర్త అని, అది ఒట్టి వ్యాకరణం. అదే మాట మనుస్మృతిలో 'న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి' అయి కూర్చుంది, ఆడమనిషి వాక్యంలో కర్త అయితే ఫర్వాలేదు గానీ ఇంట్లో కాకూడదట!

బయటి భాషల్లో కథ ఇంకోలా ఉంది, నాకు బాగా నచ్చేది ఇదే. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో ఒకప్పుడు మాట్లాడిన సుమేరియన్‌లో అప్పుకి బానిసలైనవాళ్లని వదిలేయడాన్ని 'అమర్గి' అనేవాళ్లు, విడగొడితే తల్లి దగ్గరికి తిరిగెళ్లడం అని వస్తుంది. ఇంగ్లీషు ఫ్రీ, మనం వాడే ప్రియ రెండిటికీ మూలం ఒకటే, ఇంట్లో మనవాళ్లు అనిపించుకున్నవాళ్లు ఫ్రీ, మిగతావాళ్లు బానిసలు. లాటిన్‌లో 'లిబెర్' అంటే స్వతంత్రుడు, 'లిబెరి' అంటే పిల్లలు కూడా. అంటే అప్పట్లో నాకంటూ మనుషులున్నారు అనడమే ఫ్రీగా ఉండటం, ఇప్పుడేమో ఎవరూ అడ్డం రాకపోతే ఫ్రీ అంటున్నాం, పూర్తిగా రివర్స్.

కింద కామెంట్లలో మాటలు ఇలా సాగాయి:

— రోమ్‌లో విడుదలైన బానిస కూడా పాత యజమాని ఇంటిపేరే పెట్టుకునేవాడండీ, ఆయనకి కొన్ని పనులు కూడా చేసిపెట్టాల్సొచ్చేది. 1215లో ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం మాగ్నా కార్టాలో కూడా హక్కులు 'స్వతంత్రుడైన మనిషి'కే అని రాసుకున్నారు, దొర భూమికి కట్టుబడ్డ రైతులు అందులోకి రారు, జనంలో చాలామంది వాళ్లే మరి.

— మరి స్వేచ్ఛ ఎక్కడ పెడతారు?

— స్వ, ఇచ్ఛ, నా ఇష్టం నాది. 1819లో బెంజమిన్ కాన్‌స్టాంట్ అనే ఫ్రెంచి ఆయన ప్రసంగంలో చెప్పింది దీనికి దగ్గర, పాతవాళ్లకి సభలో కూర్చుని నిర్ణయాల్లో పాలు పంచుకోవడం స్వాతంత్ర్యం, మనకేమో మన బతుకు మనల్ని బతకనివ్వడం అని. కాకపోతే తెలుగులో స్వేచ్ఛ మంచి మాటే గానీ స్వేచ్ఛాచారి అంటే తిట్టు.

— 'స్వతంత్రించి' మర్చిపోయారు! ఎవరూ చెప్పకుండా చొరవ తీసుకుంటే అలా అంటాం, 'నీకంత స్వతంత్రం ఎవరిచ్చారు' అని గదమాయిస్తాం కూడా. ఒకరు ఇస్తే వచ్చేది స్వతంత్రం ఎలా అవుతుందో పాణినినే అడగాలి.