బ్రెగ్జిట్ అయ్యాక యూకే, ఈయూ (యూరోపియన్ యూనియన్) మధ్య టీకాల గొడవ ఎందుకొచ్చింది?

ప్రశ్న (గుంటూరు): 2021లో మా అక్క లండన్‌లో ఉండేది, వాళ్ళకి టీకా త్వరగా దొరికింది, పక్కన యూరప్‌లో మాత్రం డోసుల్లేవని గోల. ఈయూ నుంచి బయటికొచ్చినందుకేనా ఇదంతా?

జవాబు (విజయవాడ): పూర్తిగా అది కాదండి. యూకే 2020 జనవరి 31నే బయటికొచ్చినా డిసెంబర్ 31 దాకా పాత రూల్సే నడిచాయి, ఫైజర్‌కి డిసెంబర్ 2న అనుమతిచ్చింది కూడా ఈయూ చట్టంలో ఉన్న అత్యవసర వెసులుబాటు వాడుకునే. అసలు గొడవ టీకా కంపెనీ ఆస్ట్రాజెనెకాది. బెల్జియం ప్లాంట్‌లో ఉత్పత్తి తగ్గి ఈయూకి అనుకున్నన్ని డోసులు ఇవ్వలేమంది, దాంతో 2021 జనవరి 29న ఈయూ టీకాల ఎగుమతికి ముందే పర్మిషన్ తీసుకోవాలని రూల్ పెట్టింది. ఆ ఊపులో ఉత్తర ఐర్లాండ్ సరిహద్దు మీద ఆర్టికల్ 16 (బ్రెగ్జిట్ ఒప్పందంలో కొన్ని షరతుల్ని ఒకవైపే పక్కన పెట్టే వీలిచ్చే నిబంధన) కూడా వాడబోయి కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది, నా లెక్కలో అదే పెద్ద తప్పు, ఎంతో కష్టపడి కుదుర్చుకున్న ఒప్పందం కదా అది.

ఇంకో జవాబు: మార్చిలో ఇటలీ ఆ పర్మిషన్ రూల్ వాడి ఆస్ట్రేలియాకి వెళ్ళాల్సిన 2.5 లక్షల డోసులు ఆపేసింది. మన పుణె టీకా కంపెనీ సీరం నుంచి యూకేకి వెళ్ళాల్సిన కోటిలో సగం కూడా అప్పుడే లేటయ్యాయి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి. ఆ మే నెలలో మా నాన్నకి రెండో డోసు కోసం బ్రాడీపేటంతా తిరిగాం, ఆపేసిన డోసులంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోద్ది.