సెప్సిస్ మందు కోసం ఎలుకల మీద ప్రయోగాలు ఇంకా చేయాలా?

గుంటూరు ఎంఫార్మ్
నమస్కారం. గుంటూరులో ఎంఫార్మ్ ఫార్మకాలజీ చేస్తున్నాను. ఒక మొక్క ఎక్స్‌ట్రాక్ట్ సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే జబ్బులో, పనిచేస్తుందేమో చూడాలన్నది నా థీసిస్. చిట్టెలుకలకు ముందు కొన్ని రోజులు ఎక్స్‌ట్రాక్ట్ పట్టించి, తర్వాత ఎల్‌పీఎస్ ఇంజెక్షన్ ఇచ్చి, ఎన్ని బతికాయో లెక్కపెట్టాలి. ఎల్‌పీఎస్ అంటే కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఉండే విషపదార్థం. ఎథిక్స్ కమిటీకి ఫారం బి ఇవ్వాలి. అందులో జంతువులు ఎందుకు తప్పనిసరో రాయాల్సిన చోట ఆగిపోయాను. ఈ ఎలుకలు చస్తే రోగికి నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

బ్రాడీపేట
ఒరగదమ్మా. కొన్నేళ్లు క్లినికల్ ట్రయల్స్‌లో పనిచేశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా. ఒంట్లో వాపు పుట్టించే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే చిట్టెలుకలు ఎల్‌పీఎస్‌ను తట్టుకున్నాయని 1985లో తేలింది. సెప్సిస్‌కు మందు దొరికేసిందనుకున్నారు. ఆ దారిలో మనుషుల మీద చేసిన ట్రయల్స్ ఒకదాని వెనక ఒకటి దెబ్బతిన్నాయి. 1996లో వచ్చిన ఒక ట్రయల్‌లోనైతే టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంకో మందు ఎక్కువ డోసులో తీసుకున్నవాళ్లలోనే చావులు పెరిగాయి. మనిషికి కిలో బరువుకు కొద్ది నానోగ్రాముల ఎల్‌పీఎస్ చాలు, జ్వరం, వణుకు వచ్చేస్తాయి. చిట్టెలుకను చంపాలంటే మిల్లీగ్రాములు కావాలి. అంత తేడా ఉన్న ప్రాణిని చంపి మనిషి గురించి ఏం నేర్చుకుంటాం?

పటమట
నేను ఫార్మకాలజీ చెప్పి రిటైర్ అయ్యాను. బ్రాడీపేటగారు చెప్పినవి నిజాలే, కానీ కథ సగమే చెప్పారు. ఎల్‌పీఎస్ ఇచ్చినా చావని ఒక చిట్టెలుక జాతి ఉంది. ఎందుకు చావడం లేదని వెతికితే 1998లో టీఎల్ఆర్4 అనే జన్యువు దొరికింది. మన ఒంట్లో బ్యాక్టీరియా చొరబడిందని కణం ఎలా పసిగడుతుందో అప్పుడే అర్థమైంది. దాన్ని పట్టుకున్న శాస్త్రవేత్త బ్రూస్ బ్యూట్లర్‌కు 2011 నోబెల్‌లో వాటా వచ్చింది ఇందుకే. ఇది టెస్ట్‌ట్యూబులో దొరికేది కాదు. 2017లో ప్రపంచంలో సెప్సిస్‌తో పోయినవాళ్లు 1.1 కోట్ల మందని అంచనా. ఉన్న ఒక దారిని మూసేయమని నేను చెప్పలేను.

బ్రాడీపేట
మేడమ్, ఆ టీఎల్ఆర్4నే అడ్డుకునే ఎరిటోరాన్ అనే మందు ఏమైంది? దాదాపు 2000 మంది రోగుల మీద చూశారు, 2013లో ఫలితం వచ్చింది. ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ చావుల్లో తేడా లేదు. జబ్బు ఎలా మొదలవుతుందో ఎలుక చెప్పింది, ఒప్పుకుంటా. మందు పనిచేస్తుందో లేదో చెప్పలేకపోయింది. ఈ అమ్మాయి చేయబోయేది రెండోది.

కృష్ణలంక నర్సు
మా ఐసీయూలో బెడ్ మీద ఉండేదెవరో చెప్తాను. ఎక్కువమంది అరవై దాటినవాళ్లు, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు. రెండు మూడు రోజులు ఊళ్లో జ్వరానికి సూదులు వేయించుకుని, మూత్రం ఆగి, మాట తడబడ్డాక 108లో వస్తారు. రాగానే కల్చర్‌కి రక్తం తీసి యాంటీబయాటిక్ మొదలుపెడతాం. సెలైన్ ఎక్కించినా బీపీ నిలబడకపోతే నార్‌అడ్రినలిన్. ఇంటివాళ్లు తలుపు దగ్గర నిలబడి ప్రతి గంటకీ అడుగుతుంటారు, ఆ టెన్షన్ మాకు తెలుసు. మీ ఎలుక వయసు కొన్ని వారాలు. ఒంట్లో వేరే జబ్బు లేదు. యాంటీబయాటిక్ లేదు, సెలైన్ లేదు. పైగా జబ్బుకు ముందే మందు! రేపు సెప్సిస్ వస్తుందని ముందురోజు వచ్చి మందు తాగే రోగి ఎవరూ ఉండరు చెల్లీ.

పటమట
నర్సుగారు పట్టుకున్నదే అసలు లోపం. ఈ రంగంలో పనిచేసేవాళ్లే 2017లో వియన్నాలో కూర్చుని నియమాలు రాసుకున్నారు, మరుసటి ఏడాది ప్రచురించారు. ఎల్‌పీఎస్ ఇంజెక్షన్ మనిషి సెప్సిస్‌కు సరైన నమూనా కాదని అందులో ఉంది. మందు జబ్బు మొదలయ్యాకే ఇవ్వాలి, యాంటీబయాటిక్, సెలైన్ కూడా ఇవ్వాలి, నొప్పికి మందు ఇవ్వాలి, చచ్చేదాకా చూస్తూ కూర్చోకూడదు. కాబట్టి అమ్మా, నీ ప్లాన్ ఇలాగే కమిటీకి వస్తే నేనైనా సంతకం పెట్టను. సీఎల్‌పీ పద్ధతి చూడు. పేగులో సీకమ్ అనే సంచిని కట్టి, సూదితో పొడిస్తే, లోపలి బ్యాక్టీరియా కడుపులోకి కారి ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. పేగు పగిలి వచ్చే రోగికి అది చాలా దగ్గర.

బ్రాడీపేట
అంటే కడుపు కోసి, మలం లోపల కారేలా చేయడం. ఆ ఎలుక బాధ ఎల్‌పీఎస్‌కంటే తక్కువా? రాత్రంతా దాన్ని చూసుకునేదెవరు? చాలా కాలేజీల యానిమల్ హౌస్‌లకు సాయంత్రం తాళం పడుతుంది. రాత్రి రెండింటికి ఒళ్లు చల్లబడి ముడుచుకుపోయిన ఎలుకకు బాధ లేకుండా ప్రాణం తీసేవాళ్లు లేకపోతే, ఫారంలో ఎన్ని నియమాలు రాసినా అబద్ధమే. కొత్త మందుల పరీక్షకు జంతువులు కాకుండా కణాల పద్ధతులు కూడా వాడుకోవచ్చని 2023లో మన దేశం రూల్స్ మార్చింది. వాలంటీర్ల దగ్గర కొద్దిగా రక్తం తీసుకుని, ట్యూబులో ఎల్‌పీఎస్ కలిపి, నీ ఎక్స్‌ట్రాక్ట్‌తో సైటోకైన్లు, అంటే టీఎన్ఎఫ్ లాంటి ప్రోటీన్లు, తగ్గుతున్నాయా చూడు. మనిషి రక్తం, మనిషి జవాబు.

పటమట
ట్యూబుకు కిడ్నీ లేదు, బీపీ పడిపోదు. ఆ పని చేస్తే చెయ్యి, మంచిదే. టైటిల్‌లో మాత్రం సెప్సిస్ అని పెట్టకు. రక్తకణాల ప్రతిస్పందన అని మాత్రమే రాయి. ఎక్కువ చెప్పుకోవడం వల్లే ఈ రంగానికి ఇంత చెడ్డపేరు.

గుంటూరు ఎంఫార్మ్
మేడమ్, అన్నా, అక్కా, థాంక్స్. ఎల్‌పీఎస్ ఎలుకల గ్రూపులు తీసేశాను. గైడ్ సార్‌కు నచ్చలేదు, అయినా రక్తం పద్ధతికి సరేనన్నారు. సీఎల్‌పీ గురించి కూడా అడిగారు. రాత్రిపూట చూసుకోవడానికి మనిషిని ఇస్తామని కాలేజీ రాసిస్తే తప్ప చేయనని చెప్పేశాను. రక్తం తీయడానికి మనుషుల ఎథిక్స్ కమిటీ అనుమతి వేరుగా తీసుకోవాలట. గుంటూరు, విజయవాడల్లో సైటోకైన్లు కొలిచే ఎలైసా కిట్ ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కునే స్టూడెంట్స్ ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. ఒక్కదాన్నే కొనలేను.